బదులు రాని గోవింద

ఆశ్రమ గురువు పరమేష్ఠిగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ముందుగా "నువ్వే చెప్పు" అనేవారు. సగంమంది ప్రశ్నను అక్కడితో వదిలేసేవారు. దక్షిణామూర్తి వదిలే రకం కాదు. ఆశ్రమంలో నియమాలన్నీ నోటికి వచ్చినవాడూ, వాటిలో ఒక్కటీ తప్పనివాడూ అతనొక్కడే. ఆ సంగతి అందరికీ తెలుసు. తెలియనివాళ్లకు అతనే చెప్పేవాడు.

ఒక ఏకాదశినాడు ఉపవాసం ఉండవలసిన గవర్రాజు ఊళ్లోకి వెళ్లి మిరపకాయ బజ్జీలు తిని వచ్చాడు. కండువాకు అంటిన నూనె మరక పట్టించింది.

"ఇలాంటివాణ్ణి కూడా మన పంక్తిలోనే కూర్చోబెట్టుకుంటే, తప్పు చెయ్యనివాడికి విలువేమిటండీ?" అని దక్షిణామూర్తి గురువుగారిని అడిగాడు.

"నువ్వే చెప్పు."

అతను చెప్పాడు. గవర్రాజు ఆ మరక కండువాతోనే తిరగాలి. వసారాలో విడిగా తినాలి. ఇంకొకటి కూడా ఉంది. పంక్తిలో పెద్దవాడు "గోవిందా" అంటే, తక్కినవాళ్లు "గోవింద" అని బదులు పలికాకే ముద్ద ఎత్తడం అక్కడి ఆచారం. వసారాలో కూర్చున్నవాడు ఆ బదులు పలకకూడదు. ఈ చివరి నియమం అప్పటికప్పుడు తట్టింది. అతనికి మహా ముచ్చటేసింది.

"అలాగే కానీ" అన్నారు గురువుగారు.

మర్నాడు పేరిశాస్త్రి తన విస్తరి పట్టుకుని వసారాలోకి నడిచాడు. "నేనూ వాడితో వెళ్లి తిన్నాను లెండి. నా కండువా ఉతుక్కున్నాను, అంతే తేడా." ఆ వెనక మరో ఇద్దరు వెళ్లారు. ఒకడు జపంలో కునుకు తీస్తాడట. ఇంకొకడు మౌనవ్రతం నాడు పాకలోకి పోయి ఆవుతో కబుర్లు చెబుతాడట. చివరికి వంట కామేశం తల గోక్కుంటూ వచ్చి, నైవేద్యానికి ముందే పప్పులో ఉప్పు చూస్తానని ఒప్పుకున్నాడు.

"చూడకుండానే ఇన్నేళ్లూ సరిపోయిందనుకున్నారా?"

ఆ పప్పును రోజూ మెచ్చుకునేది దక్షిణామూర్తే.

వసారా నిండింది. అక్కడి నవ్వులు లోపలికి వినబడేవి. లోపల గురువుగారూ అతనూ మిగిలారు. కొన్నాళ్లకు గురువుగారు కూడా విస్తరి తీసుకుని లేచారు. ఎందుకని అడగడానికి అతనికి నోరు రాలేదు. అడిగితే నువ్వే చెప్పమంటారు.

ఆ పూట అంత పెద్ద గదిలో ఒక్కడే కూర్చుని "గోవిందా" అన్నాడు. బదులు లేదు. వసారా వైపు తిరిగి కొంచెం గట్టిగా అన్నాడు. అక్కడివాళ్లు ముద్ద చేతిలో పట్టుకుని, ఎంతో వినయంగా నోళ్లు మూసుకున్నారు. తనే పలుకుదామా అనుకున్నాడు. పిలిచినవాడే పలికితే చెల్లదని ఎవరికో తానే చెప్పి ఉన్నాడు. పప్పు మీద నెయ్యి పేరుకుంది. తినకుండా లేచాడు. రాత్రీ అంతే.

మర్నాడు ఖాళీ విస్తరితో వసారా గడప దగ్గర నిలబడ్డాడు.

"నేనూ బజ్జీ తిన్నాను."

నవ్వులు ఆగాయి. గవర్రాజు తల ఎత్తాడు. "ఎన్ని తిన్నారేమిటి, మూర్తిగారూ?"

"ఒకటి."

"వేడి వేడి మిరపకాయ బజ్జీ ఒక్కటి తిని లేచినవాణ్ణి నేనింతవరకూ చూడలేదండీ. ఈయన తినలేదు. లోపలికి పంపించెయ్యండి."

పేరిశాస్త్రి కూడా తినలేదనే తీర్పు చెప్పాడు. ఎవరూ జరగలేదు. దక్షిణామూర్తి కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి అవమానానివో ఆకలివో అతనికే తెలియలేదు.

గురువుగారు పులుసు కలుపుకోవడం ఆపారు.

"బజ్జీ తినకపోతే పోనీలేరా. ఇప్పుడే అబద్ధం ఆడాడుగా, అది చాలదూ? జరగండి."