తిత్తి మీద దొర

పూర్వం ఒక దొర ఊరి మధ్య లోతు బావులు తవ్వించి, ఉప్పునీళ్ళు తోడించి ఉప్పు వండించేవాడు. రానురాను నేల కుంగి ఇళ్ళు ఒరిగాయి. జనం మొరపెట్టుకుంటే, "నేను తోడేది అడుగున ఉన్న నీళ్ళు. మీ నేల జోలికొచ్చానా?" అన్నాడు.

ఒకరోజు ఇళ్ళ గోడల బీటలు చూడటానికి వచ్చిన దొరని, నీళ్ళు మోసే ఓబులమ్మ నిండు తోలుతిత్తి మీద దుప్పటి పరిచి కూర్చోబెట్టింది. మెత్తగా ఉందని ఆయన మురిసిపోతుంటే, తిత్తి మూతి విప్పి కడవ నింపుకోసాగింది. దొర మెల్లగా కుంగి పక్కకి ఒరిగాడు.

"ఏం చేస్తున్నావే, పడిపోతున్నాను."

"నేను తీసేది అడుగున ఉన్న నీళ్ళే దొరా. తమరి దుప్పటి జోలికొచ్చానా?"

దొరకి కోపం రాబోయి నవ్వొచ్చింది. సాయంత్రానికి బావుల దగ్గర తోడటం ఆగింది. ఓబులమ్మ ఆ కడవ నీళ్ళతోనే మట్టి కలిపి గోడ బీటలు పూడ్చుకుంది.