మూడు ముద్రల గోడ

ఏటి ఒడ్డున ఒక ఎర్రమట్టి దిబ్బ. బయటినుంచి చూస్తే దిబ్బే, లోపల మాత్రం ఊరు. గదికి గది ఆనుకుని ఎలుకలు, కుందేళ్ళు, ముంగిసలు, తాబేళ్ళు అన్నీ అందులోనే కాపురం. పైనున్న చింతచెట్టు వేళ్ళు గోడల్ని చీల్చుకుంటూ ఒక గదిలోంచి ఇంకో గదిలోకి దిగుతాయి. వేళ్ళు దూరినచోటల్లా కన్నాలు. మామూలు రోజుల్లో ఆ కన్నాల్లోంచి పక్కింటి కబుర్లు వస్తాయి. ఎండాకాలం కొండగడ్డి అంటుకుంటే పొగ వస్తుంది. కిందటేడు అదే జరిగింది. మంట దిబ్బ అంచునే ఆగిపోయింది గానీ, పొగ కన్నాల్లోంచి దూరి, లోపలి గదిలో పడుకున్న కుందేలు పిల్లల్ని మళ్ళీ లేవనివ్వలేదు.

అప్పుడు పెద్దలు కూర్చున్నారు. పెద్దలంటే మగవాళ్ళేనని వేరే చెప్పక్కర్లేదు. కన్నాలు పూడ్చే గుత్త అడవిపంది వీర్రాజుకిచ్చారు. పూడ్చింది నికరంగా ఉందో లేదో చూసే పని నక్క దివాకరానికి అప్పగించారు. ఈ ఇద్దరూ ఆ పనికి తగినవాళ్ళేనని గుర్తింపు ఇవ్వడానికి కొంగ శంభయ్య పెత్తనంలో ప్రమాణాల పీఠం ఒకటి పెట్టారు. పని అయిన గోడ మీద ముగ్గురూ తలో జాజు ముద్ర వెయ్యాలి. ముద్ర పడ్డ గోడని ఎవరు గోకినా దిబ్బ విడిచి పోవాలి.

ముంగిస పైడమ్మ గది గడ్డికొట్టుకి గోడ పక్కనే. ఆ గోడలో పిడికిలి పట్టేంత కన్నం ఉండేది. వీర్రాజు వచ్చి పూడ్చాడు. ముద్రలు మూడూ పడ్డాయి. పైడమ్మ ఎర్రటి ముద్రల్ని చూసుకుని మురిసిపోయింది. ఆ సాయంత్రమే పిల్లలిద్దరూ పోటీపడి తుమ్మడం మొదలుపెట్టారు.

ముక్కు గోడకి ఆనించి చూసింది. ఎండుగడ్డి వాసన గుప్పున కొట్టింది.

దివాకరం అటుగా వెళ్తుంటే గుమ్మంలోనే ఆపింది. "బాబూ, గోడలోంచి గడ్డి వాసనొస్తోందండీ."

"వస్తుంది. పక్కన గడ్డికొట్టు పెట్టుకుని మల్లెపూల వాసన రమ్మంటే వస్తుందా?"

"పూడ్చకముందు ఎంత వచ్చేదో ఇప్పుడూ అంతే వస్తోందండీ."

"వాసన వేరమ్మా, పొగ వేరు. మన ప్రమాణం పొగకే గాని వాసనకి కాదు."

"వాసన దూరిన దారినే పొగా దూరదాండీ?"

దివాకరం నవ్వాడు. చంటిపిల్లకి చెప్పినట్టు గొంతు సాగదీశాడు. "వాసనొస్తోందని ఎవరన్నారు? నీ ముక్కు. నీ ముక్కుకి పీఠం గుర్తింపు ఉందా?"

"లేదండీ. ఎలా తెచ్చుకోవాలండీ?"

"ఆడముక్కులకి ఇంకా విధానం రాలేదు. పిల్లలకి తేనె నాకించు, తుమ్ములు తగ్గుతాయి."

పైడమ్మ బుర్ర గోక్కుంది. ఇంట్లో పాలు విరిగితే ముందు కనిపెట్టేది ఆమె ముక్కే. పాము వాసన పసిగట్టి పిల్లల్ని కాపాడిందీ ఆ ముక్కే. అదే ముక్కు గోడ దగ్గరికొచ్చేసరికి ఎందుకూ పనికిరాకుండా పోయిందంటే ఎలాగో ఆమెకి బోధపడలేదు. చదువుకున్నవాడు చెప్పాడు కదా, నిజమేనేమో అనుకుంది. మళ్ళీ వాసనొచ్చింది. కాదేమో అనుకుంది.

పక్కగదిలో ఉండే ముసలి తాబేలు అప్పలనర్సమ్మ దగ్గరికి పోయి కూలబడింది.

"అప్పా, నాకో సంగతి తెలియడంలేదు. వీర్రాజు పని బాగుందని ఎవరన్నారు?"

"దివాకరం."

"దివాకరం చూపు మంచిదని ఎవరన్నారు?"

"శంభయ్య పీఠం."

"ఆ పీఠం మీద ఎవరెవరు కూర్చుంటారు?"

"శంభయ్య, ఆయన బావమరిది, మన వీర్రాజు."

పైడమ్మ వేలితో మట్టిలో ఒక గీత గీసింది. వీర్రాజు దగ్గర మొదలై దివాకరం మీదుగా, శంభయ్య మీదుగా తిరిగి, మళ్ళీ వీర్రాజు దగ్గరికే వచ్చి ఆగింది.

"ఇదేంటప్పా, బయల్దేరినచోటికే వచ్చాను?"

"నువ్వు కాదే, వాళ్ళు వచ్చారు. మగాళ్ళు ఒకరి వీపు ఒకరు గోక్కుంటే దాన్ని పీఠం అంటారు. మనం ఇద్దరం గుమ్మంలో కూర్చుని మాట్టాడుకుంటే పనిలేని కబుర్లు అంటారు."

"గోడ గోకి చూద్దునా?"

"గోకితే పిల్లల్నెత్తుకుని ఏట్లో ఉంటావా? నోరు మూసుకుని కూర్చో."

కూర్చుంది. రాత్రిళ్ళు పిల్లల్ని గోడకి దూరంగా గుమ్మంవైపు జరిపి పడుకోబెట్టుకుంది. కళ్ళు మూస్తే పొగ, తెరిస్తే ముద్రలు. ఏది నమ్మాలో తేలక కునుకు పట్టేది కాదు.

ఇంతలో పడమటిగాలి మొదలైంది. ఆ దిబ్బలో ఒక ఆచారం ఉంది. పడమటిగాలి రోజుల్లో పెద్ద అతిథి వస్తే, దిబ్బ మొత్తంలో అన్నిటికంటే భద్రమైన గది ఖాళీ చేసి ఇవ్వాలి. ఆ ఏడు పీఠం తరపున దివాకరం అతిథిగా దిగాడు. అందరూ చేరారు. శంభయ్య ఒంటికాలి మీద నిలబడి అడిగాడు. "మన దివాకరం గారికి ఏ గది ఇద్దాం?"

పైడమ్మ నిజంగానే ఆలోచించింది. ఏ కుట్రా లేదు, ఏ వెటకారమూ లేదు. ముద్రలు ఉంటే భద్రం అని వాళ్ళే చెప్పారు. మూడు ముద్రలూ పడిన గోడల్లో అన్నిటికంటే కొత్తది తన గదిలోనే ఉంది.

"నా గది ఇవ్వండి," అంది. "నేనూ పిల్లలూ దిబ్బ బయటున్న మట్టి గుల్లలో సర్దుకుంటాం."

చప్పట్లు మోగాయి. దివాకరం ముఖం మాత్రం నల్లబడింది.

"అబ్బే, పిల్లలున్న ఇల్లాలిని ఇబ్బంది పెట్టడం ఎందుకు? నాకు ఆ బయటి గుల్ల చాలు."

"అయ్యో, ఆ గుల్లకి ఒక్క ముద్రా లేదండీ!" పైడమ్మ కంగారుపడింది.

"నాకు గాలి ఆడాలమ్మా."

"గాలి ఆడుతుందండీ. గోడలోంచి బాగా వస్తుంది."

వెనక అప్పలనర్సమ్మ నవ్వాపుకోలేక తల డొప్పలోకి లాగేసుకుంది. దివాకరం చుట్టూ మూగినవాళ్ళని చూశాడు. కాదంటే ఎందుకు కాదన్నావని అడుగుతారు. మూటతో లోపలికి వెళ్ళాడు.

మర్నాడు ఎండ నడినెత్తిన ఉండగా ఎదర కొండ మీద పొగ లేచింది. గాలి ఇటే. అందరూ వస్తువులు సర్దుకుంటున్నారు. అతిథికి మంచినీళ్ళిద్దామని చిప్పతో వెళ్ళిన పైడమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది.

దివాకరం కబురంపి రప్పించినట్టున్నాడు, లోపల నక్కా, పందీ ఇద్దరూ గోడ మీద పడ్డారు. నక్క గోళ్ళతో, పంది కోరతో. మూడు ముద్రలూ పెచ్చులై నేల మీద రాలాయి. పైన పూత గోరు మందం మట్టి. దాని వెనక చేతికందినంత దాకా ఎండుగడ్డే.

"గడ్డి కుక్కావురా వెధవా!" అంటున్నాడు దివాకరం పళ్ళ బిగువున. "మంటని ఆపే గోడలో గడ్డి కుక్కావా?"

"నువ్వు చూస్తావని తెలిస్తే కుక్కేవాణ్ణా? ఏనాడైనా గోడ ముట్టుకున్నావా నువ్వు?"

పైడమ్మ చేతిలో చిప్ప జారిపడింది. ఆ చప్పుడికి దిబ్బంతా వచ్చి గుమ్మం దగ్గర మూగింది. శంభయ్య మెడ చాచి కన్నంలోకి చూశాడు, పెచ్చుల్ని చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

"ముద్రల్లో లోపమేం లేదు. లోపమంతా కన్నంలో ఉంది."

"నేను గోకడంలేదు, తనిఖీ చేస్తున్నాను," అన్నాడు దివాకరం.

పైడమ్మ ఇంకా తేరుకోలేదు. అయోమయంగానే అడిగింది. "మరి మొన్న ముద్ర వేసినప్పుడు చేసిందేంటండీ?"

దివాకరం రాలిన పెచ్చుల్ని కాలితో వెనక్కి నెట్టాడు.

"మీరు ఒక్క రాత్రి పడుకోలేని గదిలో నా పిల్లల్ని ఎందుకు పడుకోబెట్టమన్నారండీ?"

అప్పుడు అప్పలనర్సమ్మ డొప్పని ఈడ్చుకుంటూ వచ్చి గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. ఆ గదికి వేరే దారి లేదు.

"పొగ దగ్గరికొస్తోంది. మట్టి, రాళ్ళు, నీళ్ళు మేం అందిస్తాం. పూడ్చేవాడూ లోపలే ఉన్నాడు, చూసేవాడూ లోపలే ఉన్నాడు. కానివ్వండి."

"అడ్డు లేమ్మా!" అరిచాడు వీర్రాజు.

"లేవను బాబూ. నాకు మోకాళ్ళ నొప్పులు."

అలాంటి పని దిబ్బలో అంతకుముందు ఎవరూ చూడలేదు. వీర్రాజు గడ్డి పరక మిగలకుండా పీకేశాడు. తడిమట్టి పిసికి, రాళ్ళు పేర్చి, వేరు చుట్టూ వేలితో కూరి కూరి నింపాడు. దివాకరం గోడకి ముక్కు ఆనించి అంగుళం అంగుళం వాసన చూశాడు. "ఇక్కడ సందుంది! ఇంకాస్త పెట్టు! తడి చాల్లేదు, మళ్ళీ పెట్టు!" శంభయ్య మాత్రం ఎప్పుడో రెక్కలు విప్పి ఏటి అవతలికి ఎగిరిపోయాడు.

మంట వచ్చింది. గడ్డికొట్టు భగ్గుమని బూడిదైంది. గోడ వెచ్చబడింది గానీ చీమంత పొగ కూడా ఇవతలికి రాలేదు.

సాయంత్రానికి అప్పలనర్సమ్మ గుమ్మం వదిలింది. ఒళ్ళంతా మట్టితో బయటికొచ్చిన దివాకరం అప్పుడే రొమ్ము విరుచుకున్నాడు. "చూశారా మా నాణ్యత! ఈ గోడకి ముద్ర వేస్తాను, జాజు తెండి."

"ముద్ర తర్వాత వేద్దురుగాని," అంది పైడమ్మ. ఇప్పుడామె గొంతులో తడబాటు లేదు. "పక్కది ఎలకమ్మ గది. అందులోనూ మీ ముద్రలే ఉన్నాయి. పదండి, ఈ రాత్రి పడక అక్కడ."

దిబ్బలో గదులు చాలానే ఉన్నాయి. కోర అరిగిన పందీ, మట్టి కూరుకున్న ముక్కుతో నక్కా తొలకరి పడేదాకా ఒక్కో గదిలో పడుకుని, ఒక్కో గోడ తవ్వి, మళ్ళీ పూడుస్తూ పోయారు. ఆ తర్వాత ఏ తల్లీ పిల్లల్ని గుమ్మంవైపు జరిపి పడుకోబెట్టలేదు.

నీతి: పరాయి బిడ్డల పడక భద్రమని ముద్ర వేసేవాడు, ముందు తన పక్క అక్కడే వేసుకోవాలి.