పిలవని పేరంటాలమ్మ గుట్ట

పూర్వం అనగానే కృతయుగం దాకా పోనక్కరలేదు. ఇది ఖర నామ సంవత్సరం మాఘ శుద్ధ దశమి, సోమవారం నాటి వృత్తాంతం; ఇంగ్లీషు లెక్కన 1892 ఫిబ్రవరి ఎనిమిదో తేదీ. ఆ ఉదయం మా పల్నాటి సీమలో ఎన్నడూ లేనంత మంచు కురిసిందని, జాము పొద్దెక్కినా ఎదుటి మనిషి మొహం ఆనలేదని, జొన్న కంకుల మీంచి నీళ్ళు చినుకుల్లా రాలాయని మా నాయనమ్మ శేషమ్మ చెప్పేది. ఆ మంచే లేకపోతే ఈ గుట్టకు పేరూ లేదు, పూజా లేదు. కనుక ముందుగా దాన్ని తలచుకుని కథలోకి వెళ్తాను.

నాగులేటిపాడుకు తూర్పున కోసెడు దూరంలో ఉన్నదీ గుట్ట. పైన గోపురం లేదు, విగ్రహం లేదు. ద్వారబంధంలా నిలబడిన రెండు రాళ్ళు, వాటికి లోపల భోజనాల బంతిలా వరసగా కూర్చున్న పదకొండు రాళ్ళు మాత్రం ఉన్నాయి. ప్రతి రాతికీ నుదురు ఉండవలసిన చోట ఎర్రటి మచ్చ ఒకటి కనిపిస్తుంది. ఎన్ని వానలు కురిసినా అది చెరగదు. కాలేజీలో నాతో చదివి భూగర్భశాస్త్రం ఉపన్యాసకుడైన మిత్రుడొకణ్ణి ఒకసారి ఇక్కడికి తీసుకువచ్చాను. రాతిలో ఇనుము పాలు ఎక్కువ, అదే తుప్పు పట్టి ఎర్రబడింది అన్నాడు. పదకొండింటికీ సరిగ్గా నుదుటి దగ్గరే ఎందుకు తుప్పు పట్టిందిరా అని అడిగితే ఎండ ఎక్కువగా ఉంది, కిందికి పోదాం పద అన్నాడు. శాస్త్రాన్ని నేను తక్కువ చేయను. విన్నది విన్నట్టు చెబుతాను.

ఆ కాలంలో కంచర్ల వెంకటాద్రి అనే రైతు ఈ ఊళ్ళో పేరున్నవాడు. ఆయన తొలిచూలు బిడ్డ మంగతాయి. గుండ్రని మొహం, కొసలు పైకి లేచిన చిన్న కళ్ళు, పొట్టి మెడ, పొట్టి వేళ్ళు, అరచేతిలో అడ్డంగా ఒకటే గీత. నడక ఆలస్యం, మాట మరీ ఆలస్యం. ఇవాళ వైద్యులు దీన్ని డౌన్ సిండ్రోమ్ అంటున్నారు. పుట్టుకతో వచ్చే తీరు, ఒకరి పాపమూ కాదు, ఒకరికి అంటేదీ కాదు. ఆనాడు ఆ మాట లేదు గనుక ఊరు తన నోటికి వచ్చిన మాటలు వాడింది. వాటిని ఇక్కడ రాయను. మూడేళ్ళకు తమ్ముడు రాఘవయ్య పుట్టాడు, ఆ పురిట్లోనే తల్లి పోయింది. పదకొండో ఏట భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన మేనత్త అచ్చమ్మ ఆ ఇద్దరినీ పెంచింది. తల్లి గుర్తుగా మంగతాయికి మిగిలింది ఇత్తడి కుంకుమ భరిణె ఒక్కటే. పడుకున్నా దాన్ని గుప్పిట్లో పెట్టుకునే పడుకునేది.

ఆ భరిణె ఎందుకంత ప్రాణమో తెలియాలంటే బొట్టు పిలుపు సంగతి చెప్పాలి. మా వైపు ఏ శుభకార్యానికైనా ఆ ఇంటి ఆడవాళ్ళు గడప గడపకూ వెళ్ళి, ఇంట్లో ఆడవారందరికీ బొట్టు పెట్టి పిలుస్తారు. ఉయ్యాల్లో పసిగుడ్డును కూడా వదలరు. బొట్టు పెట్టించుకున్నవాళ్ళు వెళ్ళక తప్పదు; పెట్టించుకోనివాళ్ళు వెళ్ళడానికి లేదు. వెంకటాద్రి గడపకు పిలుపు వచ్చినప్పుడల్లా విధవరాలు గనుక అచ్చమ్మ గాదె వెనక్కి వెళ్ళి నిలబడేది. మంగతాయి మాత్రం గడప దగ్గరికి పరుగెత్తుకొచ్చి, మొహం పైకెత్తి, కళ్ళు గట్టిగా మూసుకుని నుదురు చూపేది. వాళ్ళు పక్కనుంచి లోపలికి వెళ్ళి ఇంట్లో ఉంటున్న దూరపు చుట్టావిడకు పెట్టి, మళ్ళీ పక్కనుంచే బయటికి పోయేవారు. కడుపుతో ఉన్నవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకునేవారు. అడుగుల చప్పుడు వీధి మలుపు తిరిగిపోయాక కూడా ఆ పిల్ల కళ్ళు తెరిచేది కాదట. అచ్చమ్మ వచ్చి చెయ్యి పట్టుకుని, "పోయార్లే తల్లీ, దా" అనేదాకా అలాగే నిలబడేది.

ఒకటి రెండుసార్లు పేరంటాల వెనకే వెళ్ళింది. "పిలవని పేరంటానికి వచ్చిందే మహాతల్లి!" అని నవ్వి గోడ మీంచి గుప్పెడు శనగలు ఇచ్చి పంపేశారు. ఆ శనగలు తినకుండా తెచ్చి అత్తకు పెట్టింది. ఇందులో విడ్డూరం ఏమిటంటే, మంగతాయికి వచ్చిన పని విస్తర్లు కుట్టడం. ఆ పొట్టి వేళ్ళతో మోదుగాకులు పేర్చి పుల్ల గుచ్చితే నీళ్ళు పోసినా కారేవి కావు. ఊళ్ళో ఏ బంతికైనా ఆమె కుట్టిన ఆకులే. ఆ ఊరి నోళ్ళన్నీ ఆమె చేతి విస్తట్లో తిన్నవే గాని, బంతిలో ఆమెకు ఆకు వేసినవారు లేరు.

రాఘవయ్యకు పెళ్ళి కుదిరింది. పిల్ల పేరు శేషమ్మ, పదిహేనేళ్ళది, ఏటి అవతలి ఊరు. పెళ్ళి వాళ్ళ ఊళ్ళో, దశమినాడు ఇక్కడ గృహప్రవేశం, ఊరందరికీ భోజనాలు. కొత్త దంపతులు గడప దాటేటప్పుడు పెళ్ళికొడుకు అప్పచెల్లెలు ద్వారానికి అడ్డం నిలబడి, ఇద్దరి చేతా పేర్లు చెప్పించి, "నా కొడుక్కి నీ కూతుర్నిస్తావా?" అని మాట పుచ్చుకుని గాని లోపలికి రానివ్వకూడదు. ఈ సంగతి తెలిసిన రోజు నుంచి మంగతాయి గొడ్ల చావడి గుమ్మంలో చేతులు చాపి నిలబడి అభ్యాసం మొదలుపెట్టింది. "పేరు చెప్తేనే పో!" అనేది. ఎద్దులు పేరు చెప్పవు కదా. పది రోజులు వాటికి మేత ఆలస్యమైందట.

అయితే పెళ్ళివారికి పిల్లవాడికి అక్క ఉన్నదనే చెప్పలేదు. గృహప్రవేశానికి మూడు రోజుల ముందు వెంకటాద్రి చెల్లెల్ని పిలిచి, "అచ్చమ్మా, పిల్లను తీసుకుని మిరప కళ్ళం కాడి పాకలో ఉండండి. అయిపోయాక కబురు పెడతా" అన్నాడు.

"దాని తమ్ముడి గడప గదన్నా, అది. తలుపు అడ్డం పెడతానని పది రోజులుగా నిద్దరపోవట్లేదు."

"మన పెద్దన్న కూతురు పెడుతుంది. దీన్ని చూస్తే రక్తంలోనే ఉందంటారు. రేపు వాళ్ళ పిల్ల కడుపు పండినా భయపడి చస్తారు. నన్నేం చెయ్యమంటావు?"

ఆయన దుర్మార్గుడని చెప్పలేను. ఆ మాట అంటూ మొహం గోడవైపు తిప్పుకున్నాడని వినికిడి. అచ్చమ్మ చాపా చెంబూ సర్దుకుంది. తనూ ఆ ఇంట శుభానికి కనిపించకూడని మనిషే. గృహప్రవేశానికి కావలసిన మూడు వందల విస్తర్లు అత్తా మేనకోడలూ పాకలోనే కుట్టి పంపారు.

దశమినాడు తెల్లవారి అచ్చమ్మ పొయ్యి రాజేసుకుంటుండగా మంగతాయి భరిణె తీసుకుని మంచులో ఊళ్ళోకి నడిచింది. ఆడవాళ్ళు వాకిట కల్లాపి చల్లుతున్నారు. మంచులోంచి ఒక చెయ్యి వచ్చి నుదుటి మీద కుంకుమ అద్దితే వెంకటాద్రి ఇంటి పిలుపే అనుకుని అందరూ తల వంచారు.

"మా ఇంటికి రండి. భోజనానికి."

గొంతు పోల్చుకుని ఒకావిడ, "ఓసి నువ్వా! ఎవరి ఇంటికే?" అంది.

"మా ఇంటికి. పాకకి."

"పెళ్ళెవరిదే?"

కాసేపు ఆలోచించింది. "మాది" అంది.

కొందరు నవ్వారు. కొందరు కొంగుతో నుదురు తుడుచుకున్నారు. ఆమె మాత్రం అత్త నేర్పిన ప్రకారం ఇంటికొక ముడి చొప్పున చెంగున వేసుకుంటూ పోయింది. పదకొండు ముడులు పడేసరికి చెంగు అయిపోయింది.

పాకకు తిరిగి వచ్చి, వంగి పొయ్యి ఊదుతున్న అచ్చమ్మ నుదుటన కూడా బొట్టు పెట్టింది. ముప్పయ్యేళ్ళుగా బోసిగా ఉన్న నుదురు. అచ్చమ్మ ఉలిక్కిపడి తుడుచుకోబోయి, ఆ పిల్ల మొహం చూసి చెయ్యి దించేసింది. అప్పుడు మంగతాయి భరిణెను అత్త చేతిలో పెట్టి, మొహం పైకెత్తి, కళ్ళు మూసుకుంది.

అచ్చమ్మ కుంకుమలో వేలు ముంచింది. ముంచి ఆగిపోయింది. "నా చెయ్యి మంచిది కాదమ్మా. వచ్చేవాళ్ళు పెడతార్లే" అని భరిణె తిరిగి ఇచ్చేసింది. తన మీదికొచ్చిన కీడుకు ఆమె ఎన్నడూ వెరవలేదు. ఆ పిల్లకేమైనా అవుతుందేమోనన్న భయమొక్కటే ఆ వేలిని ఆపింది. ఆ తరవాత బతికినన్నాళ్ళూ ఆ వేలు చూసుకుని కుమిలిందని మా నాయనమ్మ చెప్పేది.

మంగతాయి కళ్ళం అలికి, దాచుకున్న విస్తర్లు పన్నెండు వరసగా పరిచింది. చెంగున ముడులకు పదకొండు, తనకొకటి. అచ్చమ్మ వండిన జొన్న సంకటి, పచ్చిమిరప పచ్చడి ఉన్నాయి. ఊరి వైపు నుంచి మేళం వినపడుతోంది. మంచు విడిపోయి బాట కళ్ళబడింది. బాట మీద ఎవరూ లేరు. ఆమె ఒక ముడి విప్పి చూసి మళ్ళీ వేసుకుంది. చాలాసేపటికి లేచి కళ్ళానికి దగ్గర్లోనే ఉన్న ఈ గుట్ట మీదికి వెళ్ళి, తన కడుపెత్తు రాయి ఒకటి రొమ్ముకు ఆనించుకుని దింపి, ఒక ఆకు ముందు కూర్చోబెట్టి బొట్టు పెట్టింది. పెదవులు నీలం తిరుగుతున్నా ఆగలేదు. పదకొండు రాళ్ళూ కూర్చున్నాక, "వచ్చారత్తా, వడ్డించు" అంది. అచ్చమ్మ ఏడవకుండా వడ్డించింది.

అక్కడ కంచర్లవారి గడపలో వెంకటాద్రి అన్న కూతురు ద్వారానికి అడ్డం నిలబడింది. శేషమ్మ తలెత్తి చూస్తే చుట్టూ ఉన్న ఆడవాళ్ళలో పదిమందికి పైగా నుదుటన ఒకే రకం బొట్టు: రూపాయంత, వంకరగా, బొటనవేలి గుర్తుతో. పక్కనున్న ముసలమ్మను ఇదేమిటని అడిగింది. ముసలితనానికి దాపరికం ఉండదు.

"మీ ఆడబిడ్డ పెట్టిందమ్మా పొద్దున. తుడుస్తుంటే పోవట్లా. సున్నిపిండి పెట్టినా పోలా. మేం పెడదామంటే కొత్త కుంకుమ దాని మీద నిలవట్లా."

మంచు తడి మీద పెట్టడాన రంగు దిగబడిందని తరవాత కొందరు అన్నారు. అయి ఉండవచ్చు. ఆ గడప దగ్గర మాత్రం ఆ మాట ఎవరికీ తోచలేదు.

"ఆడబిడ్డ ఈవిడ కాదా?" అంది శేషమ్మ. ఆమె భర్త వైపు తిరిగింది. రాఘవయ్య నేల చూస్తూ, "అక్క కళ్ళం కాడుంది" అన్నాడు. ఆ పిల్ల కుడికాలు వెనక్కి తీసుకుంది. "ఆమె అడ్డం పెట్టని గడప నేను దాటను" అంది.

మేళంతో సహా ఊరంతా కొత్త పెళ్ళికూతురి వెనక కళ్ళానికి నడిచింది. వస్తున్న జనాన్ని చూసి మంగతాయి సంకటి చేత్తోనే పాక గుమ్మానికి పరుగెత్తి రెండు చేతులూ చాపింది.

"పేరు చెప్తేనే!"

"నేనూ రాఘవయ్యా వచ్చాం వదినా. నా పేరు శేషమ్మ."

"నా కొడుక్కి పిల్లనిస్తావా?"

జనంలో ఎవరో కిసుక్కుమని, అంతలోనే ఆపుకున్నారు. శేషమ్మ తడుముకోలేదు. "ఇస్తాను వదినా."

మంగతాయి చేతులు దించి, దారి ఇచ్చి, భరిణె ఆమెకు అందించింది. మొహం పైకెత్తి కళ్ళు మూసుకుంది. శేషమ్మ బొట్టు పెట్టింది. పెట్టిన తరవాత కూడా ఆ పిల్ల కళ్ళు తెరవలేదట, ఇంకా పెట్టలేదేమో అనుకుని. "అయింది వదినా, చూడు" అని రెండుసార్లు చెప్పవలసి వచ్చింది. అప్పుడు కళ్ళు తెరిచి నుదురు తాకి, వేలికి అంటిన ఎరుపును చూసుకుంది. పన్నెండో ఆకులో ఆడబిడ్డా మరదలూ కలిసి సంకటి తిన్నారు.

కథ ఇక్కడ ముగిస్తే ఎంత బాగుండునో. చూస్తున్న జనం ఒక్కొక్కరే చేతులు జోడించారు. నుదుటి బొట్టు చెరగనివాళ్ళు సాష్టాంగపడ్డారు. మంగతాయి వాళ్ళకోసం ఆకులు వెతుక్కుంటుంటే వాళ్ళు ఆమె కాళ్ళకు పసుపు రాసి, ప్రసాదమని చిటికెడు సంకటి కళ్ళకద్దుకుని వెళ్ళిపోయారు. ఒక్కరూ కూర్చోలేదు. దేవతను ఇంట్లో ఉంచుకోకూడదని పెద్దలు తేల్చారు. వెంకటాద్రికి అది అనువుగానే తోచింది. రాళ్ళను గుట్ట మీదికి చేర్చి, వాటి ముందు ద్వారంలా రెండు రాళ్ళు నిలిపి, పాకను గుట్ట కిందికి మార్చి, ఆమెకు పేరంటాలమ్మ అని పేరు పెట్టారు. శేషమ్మను ఏడాదికొకసారి, దశమినాడు పంపేవారు. మిగిలిన రోజులన్నీ మంగతాయి విస్తర్లు కుట్టి రాళ్ళ ముందు పరిచి, "తినండి" అని బతిమాలేది. తొమ్మిదేళ్ళకు అచ్చమ్మ పోయింది. ఆ తరవాత ఎనిమిదేళ్ళు ఒంటరిగా ఉంది. ఊరి పెళ్ళిళ్ళకు ముందు అందరూ వచ్చి మొక్కేవారు. ఏ పెళ్ళికీ ఎవరూ పిలవలేదు. సౌమ్య నామ సంవత్సరం కార్తికంలో, ద్వారపు రాళ్ళ మధ్య ఊరివైపు మొహం పెట్టి కూర్చుని, కళ్ళు మూసుకుని కనిపించింది.

నేటికీ మాఘ శుద్ధ దశమినాడు ఇక్కడ పేరంటం జరుగుతుంది. కొత్త కోడళ్ళు ఆ రెండు రాళ్ళ మధ్య ఆగి భర్త పేరు చెప్పి లోపలికి పోతారు. రాళ్ళకు తొలి బొట్టు పెట్టేది భర్త పోయిన ఆడవాళ్ళు. అది అచ్చమ్మ పేరిట మా నాయనమ్మ పట్టుబట్టి సాధించిన ఆచారం. పన్నెండో ఆకు ఖాళీగా వేస్తారు. దాని ముందు ఎవరూ కూర్చోరు.

ఇక పంపకాలు. వెంకటాద్రి ఇల్లూ, పద్దెనిమిది ఎకరాలూ, మోటబావీ రాఘవయ్యకు వచ్చాయి. పూజ హక్కు ఊరి పూజారుల వంశానికి దక్కింది. ఆనాడు ద్వారానికి అడ్డం నిలబడిన వెంకటాద్రి అన్న కూతురికి ఆడపడుచు కట్నం పట్టుచీర ముట్టింది, తిరిగి ఇవ్వలేదు. అచ్చమ్మకు ఏమీ రాలేదు. భరిణె శేషమ్మ దగ్గర ఉండిపోయింది. ఆమె కూతుళ్ళెవరికీ ఇవ్వక, "మన ఇంట్లో మళ్ళీ అలాంటి పిల్ల పుడితే దానికివ్వు" అని నా చేతిలో పెట్టింది. నా తమ్ముడి మనవరాలు పుట్టి ఏడేళ్ళయింది. అదే గుండ్రని మొహం, అరచేతిలో అదే గీత. మొన్న వాళ్ళ కొత్తింటి గృహప్రవేశానికి శుభలేఖ వచ్చింది. అడుగున ఇంట్లోని పిల్లలందరి పేర్లూ ముద్దుగా అచ్చువేశారు. ఆ పిల్ల పేరు లేదు. భరిణె తుడిచి సంచిలో పెట్టుకున్నాను. ఆ ఇంటికి వెళ్ళి, ఆ పిల్లను పిలిచి, భరిణె చేతికిచ్చి, ముందు నా నుదురు వంచుతాను.

మంగతాయికి ఏ కాగితంలోనూ ఏమీ రాలేదు.