మాస్టారిని విసిరిన గవర్రాజు

పైడయ్య మాస్టారికి ఒక అలవాటుంది. శిష్యుడేదైనా అడిగితే వెంటనే బదులు చెప్పరు. ముందు కళ్లజోడు తీసి గూట్లో పెడతారు. ఆ సాయంత్రం కూడా అంతే తల్లీ, కళ్లజోడు గూట్లోకి వెళ్లింది.

అడిగినవాడు గవర్రాజు. అనకాపల్లిలో ఆయన జూడో నేర్పే హాల్లో వాడికున్నంత బలం ఇంకెవరికీ లేదు. "గురువుగారూ, పది రోజుల్లో జిల్లా సెలెక్షన్లు. నాతో ప్రాక్టీసుకి ఒక్కడూ రావడం లేదు. నా తప్పేమిటి?"

జూడో జపాను విద్య. ఆ పేరుకి మెత్తని దారి అని అర్థం చెబుతారు. గుద్దులుండవు, తన్నులుండవు. ఎదుటివాడి అంగీ పట్టుకోవాలి, వాడు తోస్తే ఆ తోపునే వాడుకుని వాణ్ణి వెల్లకిలా పడేయాలి. యుద్ధవిద్య అదే, ఆటా అదే. చిత్రం చూడు తల్లీ, జపమైతే ఒంటరిగా కూర్చుని చేసుకోవచ్చు గానీ జూడో ఒంటరిగా నేర్వలేం. మన చేతిలో పడడానికి ఒప్పుకునే మనిషొకడు కావాలి.

ఆ మనిషే గవర్రాజుకి కరువయ్యాడు. తోటి శిష్యుడు ఎర్నాయుణ్ణి అడిగితే, "పోయినసారి నీ చేతిలో పడి మూడు రోజులు ఎడంచేత్తో అన్నం తిన్నాను బావా" అన్నాడు. ఇంకొకడైతే, సాయంత్రానికి తనకి జ్వరం వచ్చేలా ఉందన్నాడు.

మాస్టారు మ్యాట్ మీదికి వచ్చి, పద్ధతి ప్రకారం నడుం వంచి నమస్కరించారు. "నన్ను విసురు."

అరవై మూడేళ్ల మనిషి. ఒక మోకాలికి ఆపరేషన్ కూడా అయింది. గవర్రాజు వెనక్కి తగ్గాడు.

"విసరకపోతే సెలెక్షన్లకి నీ పేరు పంపను" అంటూ ఆయనే వచ్చి తోశారు.

ఆ తోపులోనే గవర్రాజు గిర్రున తిరిగి ఆయన్ని నడుం మీదికెత్తాడు. మాస్టారి పాదాలు గాల్లోకి లేచాయి. అప్పుడు చూశాడు వాడు, తన భుజం మీదుగా తల్లకిందులవుతున్న ఆ నెరిసిన తలని. ఎవరినైనా సరిగ్గా అక్కడే వదిలేసేవాడు. ఈసారి వదల్లేదు. ఆయన అంగీ చేతిని బిగించి పైకి లాగి పట్టుకున్నాడు. వీపు మ్యాట్‌కి తగిలింది. తల తగల్లేదు.

మాస్టారు పడుకునే అడిగారు. "ఎందుకు పట్టుకున్నావురా?"

"మీకు దెబ్బ తగులుతుందని..."

ఆయన లేచి, ఎర్నాయుణ్ణి వేలితో రమ్మన్నారు. వాడు వెనకాముందాడి, చివరికి వచ్చి నిలబడ్డాడు.

"ఇప్పుడు వీణ్ణి విసురు" అన్నారు మాస్టారు. "వీడూ నేనే అనుకో."