తిన్నాక పది నిమిషాలు

లోకంలో తెలివి తగ్గిపోతోందని గవర్రాజుకి తెగ బెంగ. తన ఇంట్లో మాత్రం ఆ లోటు లేదని అంతకంటే గట్టి నమ్మకం. కొత్తలంకలో ఎవరు కనబడినా ఆపి మరీ చెప్పేవాడు. "మా ఇంట్లో చెప్పిన మాట చెప్పినట్టు చేస్తామండీ. మీలాగా సగం విని సగం వదిలెయ్యం." భార్య వరహాలమ్మ పక్కనుంచి తలూపేది. తాపీ పని చేసే కొడుకు సత్తిపండు కూడా తలూపేవాడు, ఎందుకో తెలియకపోయినా.

అలాంటి గవర్రాజుకి షుగరు మూడొందలు దాటింది. పేటలో డాక్టరు కాగితం చూసి, "నెల రోజులు తిండి సరిగ్గా తిను. అప్పటికీ తగ్గకపోతే రోజూ పొట్టలో సూది పొడుచుకోవాల్సిందే" అన్నాడు. గవర్రాజు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. మనిషి ఆరడుగులుంటాడు గానీ సూదంటే చచ్చేంత భయం. వెనకటికి ఊళ్ళో టీకాలేస్తుంటే గడ్డివాములో దూరి రెండు రోజులు బయటికి రాలేదు.

పక్క గదిలో ఏం తినాలో చెప్పే హైమవతి మేడం ఉంది. ముగ్గురూ వెళ్ళి కూర్చున్నారు. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. కంచంలో సగం కూరలుండాలి, పావువంతు పప్పు, పావువంతు అన్నం. ఏదీ తన హద్దు దాటకూడదు. ముద్దకి ముప్ఫైరెండు సార్లు నమలాలి. రాత్రి భోజనం ఏడులోపు ముగించాలి. ప్రతి భోజనం తరవాతా పది నిమిషాలు నడవాలి. ఇంటిల్లిపాదీ ఇలాగే తింటే ఇంకా మంచిది.

"అందరూ ఇక్కడ ఊఁ కొడతారు, ఇంటికెళ్ళి మైసూర్‌పాక్ తింటారు" అని నిట్టూర్చింది ఆవిడ.

"మేం అలాంటోళ్ళం కాదండీ. ఒక్క ముక్క పొల్లుపోనివ్వం" అన్నాడు గవర్రాజు. ఆవిడ ఎంతో సంతోషించింది. పాపం, ఆవిడకేం తెలుసు!

ఇంటికి రాగానే సత్తిపండు టేపు పెట్టి కొలిచి కంచాల మీద గీతలు గీశాడు. గీత ఉందని పప్పు ఊరుకుంటుందా? జారుకుంటూ అన్నంలోకి వచ్చేసింది.

"అయ్యబాబోయ్, హద్దు దాటేసిందండీ!" అని వరహాలమ్మ గుండెలు బాదుకుంది.

గవర్రాజుకి ఆ పప్పులో సూదే కనబడింది. "చూస్తావేంట్రా? గోడ కట్టు!" అని అరిచాడు. అంతే. సత్తిపండు సిమెంటు కలిపి మూడు కంచాల్లోనూ గోడలు లేపాడు. రెండు రోజులు నీళ్ళతో తడిపాడు. గోడ పచ్చిగా ఉండగా అన్నం పెడితే కూలిపోతుందని ఆ రెండు రోజులూ ఇంట్లో ఎవరూ తినలేదు.

మూడోరోజు మధ్యాహ్నం కంచాల ముందు కూర్చున్నారు. "ఇప్పుడు పప్పూ అన్నం కలుపుకునేదెలాగే?" అన్నాడు గవర్రాజు దిగులుగా.

"కలిపితే దాటినట్టే కదండీ. ఉత్తన్నం తినండి, తరవాత పప్పు తాగండి" అంది వరహాలమ్మ.

సరే అనుకుని ముద్ద నోట్లో పెట్టుకుని "ఒకటి" అన్నాడు. మెతుకులన్నీ కొడుకు మొహం మీద పడ్డాయి. నోట్లో ముద్దున్నవాడు నమలాలి, లెక్క పక్కవాళ్ళు పెట్టాలి అని తీర్మానించారు. పద్దెనిమిది దాకా బాగానే సాగింది.

"పంతొమ్మిది" అంది వరహాలమ్మ.

"కాదమ్మా, ఇరవై!" అన్నాడు సత్తిపండు.

మళ్ళీ ఒకటినుంచి మొదలెట్టారు. గవర్రాజు ముద్ద ఎప్పుడో నీరై కడుపులోకి జారిపోయింది. అయినా లెక్క లెక్కే గనక ఖాళీ నోరు ఆడిస్తూ కూర్చున్నాడు. ఇలా ఒకరి తరవాత ఒకరు తినేసరికి పన్నెండింటికి మొదలైన భోజనం ఆరింటికి తెమిలింది.

వెంటనే లేచి నడక. గడియారం చూసుకుంటూ సరిగ్గా పది నిమిషాలు నడిస్తే రైసుమిల్లు గేటు వచ్చింది. గవర్రాజు ఇంటివైపు తిరగబోయాడు. వరహాలమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఎక్కడికండీ? వెనక్కెళితే ఇరవై నిమిషాలవుతుంది."

"పోనీ రేపట్నించీ ఐదు నిమిషాలు పోయి, ఐదు నిమిషాలు వద్దామే."

"బయల్దేరిన చోటికే వచ్చి నిలబడితే నడిచినట్టు ఎలా అవుద్దండీ?"

గవర్రాజు ఆలోచించాడు. ఎంత ఆలోచించినా ఆమె మాటలో తప్పు దొరకలేదు. ఇంత తెలివైనదాన్ని కట్టుకున్నందుకు తనను తానే మెచ్చుకున్నాడు.

కానీ ఏడులోపు రాత్రి భోజనం ముగించాలి, ఎలా? సత్తిపండుకి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. "నడిస్తే కదమ్మా లెక్క! నేను పరిగెడతాను" అంటూ ఇంటికి ఒకటే పరుగు. గిన్నెలు, గ్యాసు స్టవ్వు, బియ్యం, మూడు సిమెంటు కంచాలు నెత్తినెత్తుకుని, ఇంటికి తాళం పెట్టి వచ్చాడు. మిల్లు గేటు దగ్గరే గబగబా నాలుగేసి మెతుకులు నమిలారు. తిన్నారా, ఇంకేముంది! మళ్ళీ పది నిమిషాలు నడిచి కాలవ లాకుల దగ్గర ఆగారు. పొద్దున అక్కడే ఉప్మా తిని ఇటుకబట్టీ దాకా నడిచారు.

పూటపూటకీ ఇల్లు పది నిమిషాలు వెనకబడిపోయింది. బస్సు షెల్టర్లలో పడుకున్నారు, ఎవరివో మోటారు షెడ్ల దగ్గర వండుకున్నారు. నెత్తిన సిమెంటు చూసి ఏదో మొక్కుబడి అనుకుని కొందరు దండాలు పెట్టారు. ఒక రైతు ఆపి, "ఎంతదూరమండీ ప్రయాణం?" అని అడిగాడు.

"ప్రయాణం కాదండీ, అన్నం అరగడానికి" అన్నాడు గవర్రాజు.

నెల తిరిగేసరికి పక్క జిల్లాలో ఉన్నారు. గవర్రాజు పంచె నడుం మీద నిలవడం లేదు. మోతబరువుకి భుజాలు ఒరుసుకుపోయాయి. వసారాలో తన నులక మంచం గుర్తొచ్చి ఏడుపొచ్చేది. అయినా సూది తలుచుకుని పళ్ళబిగువున నమిలేవాడు.

గడువు నాడు సామానంతా ఆగిన చోటే ఓ టీకొట్టువాడికి అప్పజెప్పి, బస్సెక్కి పేటకొచ్చి పరీక్ష చేయించుకున్నారు. షుగరు నూట ముప్ఫైకి దిగింది! సూది అక్కర్లేదన్నాడు డాక్టరు. గవర్రాజు అందరిముందూ భోరుమన్నాడు.

హైమవతి మేడం మొహం వెలిగిపోయింది. "చెప్పింది చెప్పినట్టు చేసినవాళ్ళని ఇన్నాళ్ళకి చూశాను. ఇలాగే కొనసాగించండి. ఒక్క పూట మానొద్దు, ఏదీ మార్చొద్దు" అంది. ఎలా చేశారని మాత్రం అడగలేదు. బయట ఇంకా పాతికమంది ఉన్నారు మరి.

కొనసాగించమన్నారు గనక ఆగిన చోటికే టికెట్లు తీసుకున్నారు. దారిలో బస్సు కొత్తలంక మీదుగా పోతూ ఆగింది. కిటికీలోంచి ఇల్లు కనబడింది. తాళం మీదికి గుమ్మడితీగ పాకింది. గవర్రాజు సీట్లోంచి సగం లేచాడు.

"ఒక్కసారి దిగుదామే. నా మంచం మీద ఒక్క కునుకు తీస్తాను."

"ఏదీ మార్చొద్దన్నారు. సూది కావాలా మీకు?" అంది వరహాలమ్మ కళ్ళొత్తుకుంటూ.

తండ్రి బాధ చూడలేక సత్తిపండు వీపు నిమిరాడు. "బెంగెట్టుకోకు నాన్నా. భూమి గుండ్రంగా ఉంటదని బళ్ళో చెప్పేరు. ఇలా తిన్నగా పోతా ఉంటే చివరికి మన గుమ్మంలోకే వస్తాం."

గవర్రాజు మొహం విప్పారింది. "ఎన్నాళ్ళు పడతదిరా?"

"పూటకి పది నిమిషాలే కదా. ఎన్ని పూటలు తింటే అంత తొందరగా వచ్చేస్తాం."

గవర్రాజు ఒక్క క్షణం ఆలోచించాడు. చటుక్కున కిటికీలోంచి తల బయటపెట్టి, బుట్ట పట్టుకుని తిరుగుతున్న కాజాలవాణ్ణి కేకేశాడు.

"ఒరే అబ్బాయ్! బుట్ట మొత్తం ఇలా ఇచ్చెయ్! కాజాకొక పూట. నేను తొందరగా ఇంటికెళ్ళాలి!"