లేని వేపచెట్టు దగ్గర ఎడమకి

విస్సన్న శాస్త్రిగారి దగ్గర వేదాంతం చదువుకోవాలని వెళ్లేవాళ్లకి ముందే తెలియవలసిన సంగతి ఒకటుంది. ఆయన్ని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని తగులుతుంది. వెనక ఎవరో పునర్జన్మ ఉందా అని అడిగితే, పెరట్లో చిక్కుడుపాదుకి పందిరి వెయ్యి నాయనా అన్నారట. అడిగినవాడు మూడు రోజులు చెమటోడ్చి పందిరి వేసి, ప్రశ్న సంగతి మరిచిపోయి, హాయిగా ఇంటికి పోయాడని చెప్పుకుంటారు. గిట్టనివాళ్లు కల్పించిన మాటైనా కావచ్చు. ఉమాపతి విషయంలో జరిగింది మాత్రం పాఠానికి వెళ్లే పడవలో ఉన్న పదిమందీ కళ్లారా చూశారు.

ఉమాపతిది అనంతపురం. జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతాడు. కంటితో చూసి, చేత్తో కొలిస్తేగానీ ఏదీ ఒప్పుకోని మనిషి. అలాంటివాడికి నలభై దాటాక వేదాంతం పట్టుకుంది. పట్టుకున్నది ఊరికే ఉండకుండా ఒక సందేహాన్ని కూడా వెంటబెట్టుకొచ్చింది. ఈ జగత్తంతా మిథ్య అంటారు, బాగానే ఉంది. శాస్త్రమూ జగత్తులోదే, బోధించే గురువూ జగత్తులోవాడే. అంటే వాళ్లూ మిథ్యే. మరి లేని గురువు లేని పుస్తకం పట్టుకుని ఉన్న సత్యం దగ్గరికి మనిషిని ఎలా చేరుస్తాడు? ఇద్దరు పండితుల్ని అడిగాడు. ఒకాయన శ్లోకం చదివారు, రెండో ఆయన కోప్పడ్డారు. చివరికి తెగించి శాస్త్రిగారికే ఫోన్ చేసి, మీరు కూడా అబద్ధమేనా గురువుగారూ అని అడిగేశాడు.

శాస్త్రిగారు ఓపిగ్గా అంతా విని, "రాజమండ్రి ఎప్పుడైనా చూశావా?" అన్నారు.

చూడలేదన్నాడు ఉమాపతి. చూడాలని ఎంత ఉందో కూడా చెప్పుకున్నాడు. ఏటా మాఘమాసంలో శాస్త్రిగారు గోదావరి మధ్యన ఒక లంకలో తొమ్మిది రోజులు ఉపనిషత్తు పాఠం చెబుతారు. పదిమందికి మించి రానివ్వరు. మొదటి రోజు పాఠం విననివాణ్ణి రెండో రోజు కూర్చోనివ్వరు. ఎంతటివాడైనా సరే, పై ఏడు రమ్మంటారు. లంకకి వెళ్లే పడవ పొద్దున పదింటికి పంతులుగారి రేవులో కదిలితే మళ్లీ సాయంత్రమే. కిందటేడు ప్రిన్సిపాల్ సెలవివ్వక ఉమాపతి ఆగిపోయాడు. అంతకుముందేడు బట్టలు సర్దుకున్నాక జ్వరం తగిలింది. ఈసారి కూడా తప్పిపోతే ఇక తనకి రాసిపెట్టి లేదని ఊరుకోవడమేనని ఇంట్లో అనేశాడు.

అయితే రా అన్నారు శాస్త్రిగారు. ఆటో ఎక్కొద్దని, నడిచే రావాలని చెప్పి దారి కూడా చెప్పారు. కోటగుమ్మం దాటాక వేపచెట్టు దగ్గర ఎడమకి తిరగాలి. టాకీసు పక్క సందులో పడాలి. సత్రం అరుగు పక్కన మెట్లు దిగితే రేవు. ఉమాపతి అక్షరం పొల్లుపోకుండా నోటుబుక్కులో రాసుకుని, చదివి వినిపించి, సరేననిపించుకున్నాడు.

రైలు గోదావరి వంతెన ఎక్కేసరికి పెట్టెలో సగంమంది కిటికీలకి అతుక్కుపోయారు. వానచుక్క కోసం మొహం వాచిపోయే ఊళ్లో పుట్టిన ఉమాపతి, అన్ని నీళ్లు ఒక్కచోట చూడటానికి వాళ్ల మధ్యలోంచి తల దూర్చాడు. పక్కావిడ రూపాయి బిళ్ల నదిలోకి విసిరి దణ్ణం పెట్టుకుంటే, తనకి తెలియకుండానే తనూ జేబులో చెయ్యి పెట్టాడు. విసిరాక, ఇదేం ఫిజిక్సురా నాయనా అని తనలో తనే నవ్వుకున్నాడు.

స్టేషన్లో దిగేసరికి ఎనిమిదింబావు. చేతిలో బోలెడంత సమయం. సంచీ భుజాన వేసుకుని నడుస్తుంటే ఊరు ఊరంతా తన కోసమే ముస్తాబైనట్టు కనిపించింది. బంతిపూల గంపలు, పెసరట్ల వాసన, సందు చివర ఉన్నట్టుండి మెరిసి మాయమయ్యే నది. కొట్టు కనబడింది కదా అని గ్లాసుడు రోజ్‌మిల్క్ తాగాడు. బాగుందని ఇంకో గ్లాసు తాగాడు. పొద్దున్నే రోజ్‌మిల్క్ ఏమిటని అడిగేవాళ్లెవరూ లేరు. సంతోషం పట్టలేక దారిన పోయేవాళ్లకి తను అనంతపురం నుంచి వచ్చానని కూడా చెప్పాడు. వాళ్లు ఆయ్, మంచిదండీ అన్నారు.

చిక్కు కోటగుమ్మం దగ్గర మొదలైంది. ఇదేనండీ కోటగుమ్మం అని ఒకాయన చెబితే, ఉమాపతి తలెత్తి నాలుగు వైపులా గుమ్మం కోసం చూశాడు. బస్సులున్నాయి, బళ్లున్నాయి, పళ్ల దుకాణాలున్నాయి. గుమ్మం కనబడలేదు. కోటా కనబడలేదు. చెప్పినాయన పొరబడి ఉంటాడనుకుని ముందుకెళ్లి వెతికాడు, వెనక్కొచ్చి వెతికాడు. ఫోన్లో పంతులుగారి రేవు అని కొడితే ఊరికి ఆ చివర అలాంటి పేరున్న టిఫిన్ హోటలొకటి చూపించింది. అరగంట పోయింది.

పోతే పోయింది, వేపచెట్టు దాచినా దాగదు కదా అని రోడ్డు పట్టుకుని నడిచాడు. పది నిమిషాలు నడిచాక కనబడింది. నిండు వేపచెట్టు, కింద సిమెంటు గట్టు, గట్టు మీద ఇద్దరు పెద్దమనుషులు. ఉమాపతికి ప్రాణం లేచొచ్చింది. నోటుబుక్కు తీసి చూసుకుని, గర్వంగా ఎడమకి తిరిగాడు. ఆ సందు ఇంకో సందులోకి, ఆ సందు మరో మలుపులోకి లాక్కుపోయి, ఒక కర్రల అడితి గోడకి కొట్టి ఆగిపోయింది. అక్కడ రంపం చప్పుడు తప్ప నీళ్ల జాడ లేదు. టైము తొమ్మిదీ ముప్పై ఐదు. మూడో ఏడు కూడా పోతుందనే భయం అప్పుడు మొదటిసారి పట్టుకుంది.

పరుగులాంటి నడకతో వెనక్కి వచ్చాడు. రోడ్డు వార ఇస్త్రీబండి దగ్గర గంగరాజు అనే ఆయన చొక్కా మడతపెడుతుంటే, వేపచెట్టు దగ్గర ఎడమకి తిరిగినా రేవు రాలేదేమని నిలదీసినంత పని చేశాడు. ఎక్కడ తిరిగారో కనుక్కుని గంగరాజు నవ్వాడు. ఆ చెట్టు దగ్గర తిరిగితే అడితికే పోతారండీ అన్నాడు.

"అది వేపచెట్టు కాదా?"

"వేపచెట్టేనండీ. కానీ వేపచెట్టంటే ఇదండీ" అని గంగరాజు తన బండి వెనక ఖాళీగా ఉన్న జానెడు నేల చూపించాడు.

అక్కడ చెట్టు లేదు. మోడు కూడా లేదు. కొట్టేసి పద్నాలుగేళ్లయిందని గంగరాజు చెప్పాడు. కోటగుమ్మంలో గుమ్మం సంగతి అడిగితే అది తన తాతైనా చూశాడో లేదో అన్నాడు. టాకీసు పడగొట్టి ఫంక్షన్ హాలు కట్టారట. సత్రం పోయింది, అరుగు ఉండేచోట ఇప్పుడు మోటారు సైకిళ్లు పెడుతున్నారట. ఉమాపతికి ఒళ్లు మండిపోయింది. ఉన్నవి వదిలేసి లేనివి చెబితే కొత్తగా వచ్చినవాడు ఏమైపోవాలి, ఇదేం ఊరు అన్నాడు.

గంగరాజు ఏమీ నొచ్చుకోలేదు. "కొత్తవారు మరి అడగాలి కదండీ. అడిగారు, తెలిసింది" అని చెప్పి, ఎండెక్కిందని బండి చక్రాల కింది రాళ్లు తీసి, అవతలి నీడకి తోసుకుంటూ పోయాడు.

పావుతక్కువ పది దాటుతోంది. ఇక కోపానికి కూడా టైము లేదు. ఉమాపతి లేని చెట్టు దగ్గర ఎడమకి తిరిగి పరుగందుకున్నాడు. ఎందుకో తెలియదుగానీ కాళ్లకి కొత్త హుషారొచ్చింది. ఈసారి టాకీసు కోసం వెతకలేదు. టాకీసు ఉండేచోటు ఏదండీ అని అరిచాడు. పూలు కట్టుకుంటున్న ముసలావిడ తలెత్తకుండానే చెయ్యి చూపించింది. ఆ సందులోకి తిరిగేసరికి చల్లగాలి మొహానికి కొట్టింది. నది వాసన. దగ్గరికి వచ్చేశాడు.

అప్పుడు ఫోన్ మోగింది.

"ఉమాపతి సారేనా? నేను జగిత్యాల భూలక్ష్మిని. నర్సుగ చేసి రిటైరయిన. నేను గూడ లంకకే. అయ్యగారిని తొవ్వ అడిగితే మీ నంబరిచ్చిన్రు. కోటగుమ్మం కాడ దిగిన, ఎటు రావాలె?"

టైము తొమ్మిదీ యాభై. వెనక్కి వెళ్లి తీసుకురావడానికి వీల్లేదు. ఉమాపతి పరుగు ఆపకుండానే ఆలోచించాడు. మలుపులో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర తిరగమందామా అంటే ఆ రోడ్డు మీద అలాంటివి నాలుగు చూశాడు. ఇస్త్రీబండి అందామా అంటే గంగరాజు దాన్ని తన కళ్లముందే తోసుకుపోయాడు. ఆ మలుపు దగ్గర కదలకుండా ఉన్నది ఆ లేని చెట్టు ఒక్కటే.

"వేపచెట్టు దగ్గర ఎడమకి తిరగండమ్మా. తరవాత టాకీసు సందు" అన్నాడు.

చెట్టు పెద్దదేనా, కనబడుతుందా అని ఆవిడ అడిగింది. లేదని చెబితే ఎందుకు లేదో చెప్పాలి. ఎందుకు లేదో చెప్పేలోపు పడవ వెళ్లిపోతుంది. ఉమాపతి ఒక్క క్షణం తటపటాయించి, పెద్దదేనమ్మా, ఎవర్నడిగినా చూపిస్తారు, తొందరగా రండి అనేసి ఫోన్ పెట్టేశాడు. పిల్లలు లెక్కలో ఒక్క సున్నా తప్పు వేస్తే మార్కులు కోసే మనిషి, నిలువునా అబద్ధం చెప్పాడు.

మోటారు సైకిళ్ల మధ్య నుంచి దూరి మెట్లు చూసేసరికి గుండె ఎగిరి గంతేసింది. కింద గోదావరి. ఒడ్డున పడవ. మిషను అప్పుడే స్టార్టయి గుడగుడమంటోంది. రెండేసి మెట్లు దూకుతూ దిగి, ఒడ్డుకి వేసిన బల్ల మీంచి పడవలోకి ఎక్కి, శాస్త్రిగారి కాళ్లకి దణ్ణం పెట్టి అలాగే కూలబడిపోయాడు. ఎనిమిది మంది అప్పటికే కూర్చుని ఉన్నారు. శాస్త్రిగారు వచ్చావా అని, పక్కకి జరిగి చోటిచ్చారు. రెండేళ్లుగా ఎదురుచూసిన చోటు అది. ఆ సంతోషంలో ఉమాపతికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. పై మెట్టు మీద ఎవరూ కనబడటం లేదు. ఆవిడ కూడా తనలాగే అసలు వేపచెట్టు చూసి అడితి గోడ దగ్గరికి పోయి ఉంటుందేమో. పెద్ద చెట్టే అని చెప్పింది తనే కదా. ఫోన్ చేస్తే ఎత్తలేదు. రెండు నిమిషాలు ఆగమని పడవ నడిపే సరంగుని బతిమాలాడు. అవతలి రేవులో జనం కాచుకుని ఉంటారు, కుదరదండీ అన్నాడు సరంగు. శాస్త్రిగారి వంక చూశాడు. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, పడవ నాది కాదు నాయనా అన్నారు. సరంగు బల్ల తీయడానికి వంగాడు.

ఉమాపతి ఆ బల్ల మీద కాలు పెట్టి దిగిపోయాడు. మీరు దిగితే మిమ్మల్ని వదిలేసి పోతానండీ అని సరంగు వెనక నుంచి కేకేశాడు. వినబడింది. వినబడే మెట్లెక్కాడు. పాఠం పోతే పోయింది, తన మాట నమ్మి ఆ మనిషి ఏ సందులో తిరుగుతోందో అన్నదే తల నిండా ఉంది. సగం మెట్లెక్కేసరికి పైన తెల్లచీర, చేతిసంచీ, రొప్పుతూ భూలక్ష్మి కనబడింది. ఉమాపతి ఆవిడ చేతిలోని సంచీ లాక్కున్నాడు. ఇద్దరూ ఎలా దిగారో ఇద్దరికీ తెలియదు. కదులుతున్న పడవలోంచి నలుగురు చేతులందించి లోపలికి లాగారు. తడిసిన చీరకుచ్చెళ్లు పిండుకుంటూ ఆవిడ కూర్చునేసరికి పడవంతా నవ్వులు. ఉమాపతి అందరికంటే గట్టిగా నవ్వాడు.

భూలక్ష్మి మాత్రం నవ్వలేదు. ఊపిరి అందగానే ఉమాపతి మీద విరుచుకుపడింది.

"ఏది సారూ చెట్టు? ఆడ ఆకు గూడ లేదు. నలుగుర్ని అడిగిన, నలుగురు ఉత్త జాగనే చూపెట్టిన్రు. లేదని ఎరికుండే చెప్పిన్రా?"

తెలిసే చెప్పానమ్మా అన్నాడు ఉమాపతి.

"లేని చెట్టు చూపెట్టి ఉన్న రేవుకు ఎవలన్న తోలిస్తరా? ఇదేం పద్ధతి?"

ఉమాపతి నోరు తెరిచాడు. ఆ మాట తను ఇదివరకు ఎక్కడో విన్నట్టనిపించింది. ఎక్కడో కాదు, ఆ రోజు ఫోన్లో తనే అడిగిన మాట. మెల్లగా శాస్త్రిగారి వైపు తిరిగాడు.

శాస్త్రిగారు కళ్లజోడు పెట్టుకుని, పడవ అంచుకి చేరగిలబడి కూర్చున్నారు.

"ఆవిడ అడుగుతోంది కదా ఉమాపతీ, చెప్పు" అన్నారు. "నేనూ వింటాను."