రెండు రాణులూ, ఒక వేడి అట్టూ

సూరీడమ్మకు నలభై నాలుగేళ్ళు. ఎవరేం చెప్పినా చీటీ మీద రాసుకుంటుంది.

ఆమె ఒక్కదానికే కాదు, బొబ్బిలిలో ఆ ఇంట్లో అందరికీ చెప్పిన మాట చెప్పినట్టు చేయడమే తెలివి. ఒకసారి ఫ్రిజ్ తెచ్చినవాడు దాన్ని సరిగ్గా గుమ్మంలో దించి, "రెండు గంటలు కదపకండి" అని వెళ్ళిపోయాడు. అంతే, ఎవరూ కదపలేదు. ఆ రెండు గంటలూ ఇంటిల్లిపాదీ పెరటి గోడ దూకి తిరిగారు. సూరీడమ్మ నీళ్ళ బిందెతో సహా దూకింది. "ఇంకొకళ్ళయితే పక్కకు తోసేసేవాళ్ళు. మనకు బుద్ధుంది కాబట్టి సరిపోయింది" అని మోకాలికి పసుపు రాసుకుంటూ మురిసిపోయింది.

అలాంటి ఇంట్లోకి పోకర్ అనే పేకాట వచ్చింది. సూరీడమ్మ మొగుడు గవర్రాజు ఫోనులో చూసి టెక్సస్ హోల్డెమ్ అనే ఆట నేర్చుకున్నాడు. ఆదివారం పొద్దున్నే భార్యనీ, తమ్ముడు సన్యాసినీ, తమ్ముడి భార్య పైడితల్లినీ చాప మీద కూర్చోబెట్టి చింతగింజలు పంచాడు.

"మగవాళ్ళం ఒక జట్టు, మీరొక జట్టు. ఓడినవాళ్ళు నెల్లాళ్ళు వండాలి."

"మేం ఓడితే మేమే వండాలా బావగారూ?" అంది పైడితల్లి.

"అవును."

"ఇప్పుడెవరు వండుతున్నారు?"

"మీరే కదా."

"అయితే మాకు పోయేదేటి లేదక్కా!"

తోడికోడళ్ళిద్దరూ చేతులు పట్టుకుని నవ్వుకున్నారు. పుట్టింటివాళ్ళు కూడా ఇంత మంచి బేరం కుదర్చలేదు.

సూరీడమ్మ మనసులో మాత్రం ఒక కోరిక ఉంది. పెళ్ళయిన ఇరవై మూడేళ్ళలో ఎన్ని వేల అట్లు పోసిందో! ఒక్కటంటే ఒక్క అట్టు, వేడిగా, కూర్చుని తినలేదు. అందరికీ వేశాక మిగిలినది, చల్లారినది, నిలబడి తింది. గెలిస్తే నెల్లాళ్ళు కూర్చుని తినవచ్చు. చీటీ తీసి మొదటి మాట రాసుకుంది: ఓడినవాళ్ళు వండాలి.

గవర్రాజు పాఠం మొదలుపెట్టాడు. "తలా రెండు ముక్కలు మూసి ఇస్తాను. వాటిని చచ్చినా ఎవరికీ చూపించకూడదు. నేల మీద అయిదు ముక్కలు తెరిచి పరుస్తాను. అన్నీ కలిపి ఎవరి చెయ్యి పెద్దదో వాళ్ళు గెలుస్తారు; జత కంటే ఒకేలాంటివి మూడు పెద్ద. ఇది లిమిట్ ఆట, ఇష్టమొచ్చినంత పందెం పెంచడానికి లేదు. మొదట్లో రెండేసి గింజలు, ఆఖర్లో నాలుగేసి. అదీ ఒక విడతలో మూడుసార్లే."

"చేతిలోనే పెద్ద జత పడితేనో?"

"అదీ అడగాల్సిన మాట! రెండు రాజులో, రెండు రాణులో పడ్డాయనుకో, బిక్కుబిక్కుమంటూ కూర్చోకూడదు. పెంచాలి. జనం ఎక్కువుంటే ఎవడో ఒకడికి మంచి ముక్క పడి మన జత చిత్తవుతుంది. అందుకని జనాన్ని తగ్గించుకోవాలి. ఎదురుగా ఒక్కడుంటే చాలు. జత కంటే పెద్ద ముక్క నేల మీద పడితే కాస్త వెనక్కి తగ్గాలి. ఏం జరిగినా ముఖం మార్చకూడదు."

సరిగ్గా అప్పుడే పైడితల్లి ఆవులిస్తోంది. ఇంకేముంది, తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచేసింది.

ముక్కలు పంచగానే సన్యాసి తనవి ఎవరికీ కనబడకూడదని చూడకుండానే వాటి మీద కూర్చున్నాడు. "నాక్కూడా తెలీదు, ఇంకెవరికి తెలుస్తాది!" అన్నాడు గర్వంగా.

సూరీడమ్మ కొంగు చాటున చూసుకుంది. ఇస్పేటు రాణి, ఆఠీను రాణి. చీటీ చూసుకుంది. "పెంచాను" అని రెండు గింజలు వేసి, మరిది వైపు తిరిగింది.

"సన్యాసీ, నువ్వు వెళ్ళు."

"ఎక్కడికి వదినా?"

"అది చీటీలో లేదు."

సన్యాసి లేచి చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

"పైడీ, నువ్వు కూడా డాబా మీదకెళ్ళు."

పైడితల్లి తెరిచిన నోటితోనే "ఆఁ ఆఁ" అంది. నేను నీ జట్టే కదా అని దాని భావం.

"నా జట్టయినా జనమే కదే!"

ఆమె కూడా వెళ్ళింది. "భేష్ సూరీడూ, ఒక్కణ్ణే మిగిల్చావు!" అని గవర్రాజు మెచ్చుకున్నాడు.

నేల మీద మూడు ముక్కలు పరిచాడు. అయిదు, తొమ్మిది, రాజు. రాజు రాణి కంటే పెద్ద. అంతే, సూరీడమ్మ చాపతో సహా జరిగి గోడకు ఆనుకుంది. నాలుగో ముక్క ఆసు. అది ఇంకా పెద్ద. గోడలోకి జరగలేక పక్కనున్న గుమ్మంలోంచి వెనక్కి వెనక్కి జరిగి వంటింట్లో తేలింది. ఏ గదిలోంచి బయటపడదామని ఆటకు కూర్చుందో, చివరికి అదే గదిలోకి వీపుతో పాక్కుంటూ వచ్చింది. తన తెలివికి తనకే నవ్వొచ్చింది గానీ, ముఖం మార్చకూడదు కదా, ఆపుకుంది.

అయిదో ముక్క పడింది. "డైమను రాణి!" అని గవర్రాజు అరిచాడు.

మూడు రాణులు! గవర్రాజు నాలుగు గింజలు పెట్టాడు. "పెంచాను!" అని ఆమె పొయ్యి దగ్గర నుంచి గింజలు విసిరింది. ఆయన ఇంకా పెంచాడు. ఆమె మళ్ళీ విసిరింది. మూడుసార్లూ అయిపోయాయి. ఆయన గింజలు సరిపెట్టి, తన చేతిలోని ఒక్క రాజునీ నేల మీది రాజు పక్కన పెట్టి జత చూపించాడు.

"ఇక నీ ముక్కలు చూపించు."

"చూపించకూడదండీ."

"ఆట అయిపోయిందే! ఇప్పుడు చూపించాలి."

"ఇప్పుడు చూపించాలని మీరు పొద్దున చెప్పలేదు. చచ్చినా చూపించకూడదన్నారు. నేనింకా చావను కూడా లేదు."

"చూపించకపోతే ఓడినట్టే!"

"ఓడితే ఓడతాను. మీ మాట దాటను" అని రెండు రాణుల్నీ బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించింది.

ఇంకేముంది, ఓడింది. ఓడినవాళ్ళు వండాలి. పెనం పెట్టి అట్టు పోసింది. కాలాక మొగుడికి అందించబోయి, అలవాటుగా చీటీ చూసుకుంది. వండాలి అని ఉంది. అంతే ఉంది. పీట వేసుకుని కూర్చుని, ఆవిరి పోతున్న అట్టు తుంచి తను తింది. రెండో అట్టు డాబా దిగి వచ్చిన పైడితల్లికి. ఆ నోరు ఎలాగూ తెరిచే ఉంది.

గవర్రాజు ఖాళీ కంచం ముందు కూర్చుని, "మరి నాకూ?" అన్నాడు.

"వండమన్నారు, వండాను. వడ్డించమని ఎవరన్నారు?"

ఆయన ఆలోచించాడు. "నిజమే, అనలేదు" అని, భార్య బుద్ధికి తల ఊపుతూ, ఎవరో ఒకరు వడ్డిస్తారని అలాగే కూర్చున్నాడు.

సన్యాసి తొమ్మిదో రోజున సాలూరులో దొరికాడు. సూరీడమ్మ మళ్ళీ ఎవరికీ వడ్డించలేదు.